కరువు లెక్కలో లేని చాకిరీ

మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో పేద రైతులతో కలిసి చేసిన పని కొందరు పెద్దలకు కంటగింపు కావడంతో స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1968లో దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. 1969లో తిరిగివచ్చి అనంతపురంలో కాలుపెట్టారు. 2009 జూన్ 19న కన్నుమూసేదాకా ఈ నేలను వదల్లేదు. ఆయన సమాధి బత్తలపల్లిలో ఉంది. ఈ జిల్లా ఫాదర్ అని పిలుచుకున్న మనిషి స్మృతిలో మాట్లాడేటప్పుడు ఆయన సంస్థ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్డీటీ) కట్టించిన ఇళ్లు, బళ్లు, ఆసుపత్రులు ఏకరువు పెట్టడం ఆనవాయితీ. ఆ పని నాకన్నా బాగా చేయగలవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. నేను ఆ ఆసుపత్రుల గడప దాటి ఇంటికి చేరిన రోగి దగ్గర మొదలుపెడతాను. ఆ రోగికి అన్నం తినిపించేది, స్నానం చేయించేది, రాత్రి మూలుగు వినబడితే లేచేది ఎవరు? వాళ్లకు మనం ఏం బాకీ పడ్డాం? ఈ ప్రశ్నకు నా జవాబు ముందే చెప్పేస్తాను. అనంతపురంలో ఇంటి సంరక్షణ కుటుంబాల సొంత గొడవ కాదు, కరువులో ఒక భాగం. కాబట్టి ఆ పని చేసేవాళ్లకు అందే సాయం కరువు సాయంలో భాగంగానే అందాలి.

ఇక్కడి కరువు గురించి ఇక్కడివాళ్లకే చెప్పబోవడం అధిక ప్రసంగం. అయినా వాదానికి అవసరమైనంత వరకు రెండు మాటలు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల పైచిలుకు వాన. నైరుతి మేఘాలకు పడమటి కనుమలు అడ్డం, ఈశాన్య మేఘాలకు తూర్పు తీరం దూరం. జూన్, జూలైల్లో వేసిన శెనక్కాయ ఊడలు దిగే వేళకు వాన ముఖం చాటేస్తే ఆ ఏడు అంతే. చేను ఎండితే బోరు, బోరు ఎండితే మరింత లోతు బోరు. ఆ లోతు నీళ్లలో ఫ్లోరైడ్ వచ్చింది. పళ్లు గారపట్టాయి, మోకాళ్లు వంగాయి, నడుములు బిగుసుకున్నాయి. 1990ల నడుమ సత్యసాయి తాగునీటి పథకం వందల ఊళ్లకు మంచినీళ్లు తెచ్చింది, ఆ మేలు చిన్నది కాదు. కానీ ఒకసారి వంగిన ఎముక మంచినీళ్లు తాగితే నిటారుగా అవదు. అప్పటి నడివయసువాళ్లు ఇప్పుడు ముసలివాళ్లు, లేచి నిలబడటానికి ఇంకొకరి భుజం కావాలి. దానికి తోడు అప్పుల్లో ప్రాణాలు తీసుకున్న రైతుల ఇళ్లున్నాయి. 2004 జూన్ 1న వచ్చిన 421 నంబరు జీవో ఆ కుటుంబాలకు లక్షన్నర సాయం ప్రకటించింది. ఆ డబ్బు అప్పులకు చాలిందా లేదా అని చాలామంది రాశారు. చనిపోయినవాడి తల్లిదండ్రుల ముసలితనం, పిల్లల పెంపకం ఒక్క ఆడమనిషి నెత్తిన పడిన సంగతి మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

కరువు ఒకవైపు ఆసరా కావలసినవాళ్లను పెంచుతుంది, మరోవైపు ఆసరా ఇవ్వగలవాళ్లను ఊరు దాటిస్తుంది. నా వాదమంతా ఈ రెంటి కలయిక మీదే నిలబడి ఉంది. పంట పోయిన ఏడు గట్టి చేతులన్నీ బెంగళూరు కట్టడాలకు వెళ్తాయి, కదిరి వైపు నుంచి కేరళ దాకా పోయినవాళ్లూ ఉన్నారు. వెళ్లేవాళ్లు బువ్వగిన్నెలు, పసిబిడ్డలు తీసుకెళ్లగలరు. మంచం పట్టిన తండ్రిని, మతి తప్పిన తల్లిని, మూర్ఛ వచ్చే తమ్ముణ్ని పని జరిగే చోట రేకుల షెడ్డులోకి తీసుకెళ్లలేరు. వాళ్ల కోసం ఊళ్లో ఎవరో ఒకరు ఆగాలి. కూలి తక్కువ వచ్చే మనిషిని ఆపడం ఇంటి ఆర్థికానికి లాభం. అందుకని అవ్వ ఆగుతుంది, లేదా బడికి పోతున్న ఆడపిల్ల ఆగుతుంది. డెబ్బై ఏళ్ల మనిషి డెబ్బై అయిదేళ్ల మనిషిని ఎత్తి కూర్చోబెట్టడం, పన్నెండేళ్ల పిల్ల మందుల చీటీ చూసి మాత్రలు లెక్కపెట్టడం ఈ లెక్క వల్లే జరుగుతుంది. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. వెళ్లినవాళ్లు పంపే డబ్బుతోనే ఆ మందులు వస్తాయి.

ఆ పని ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూడాలి. పక్షవాతంతో పడిపోయిన మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. లేకపోతే పిర్రల దగ్గర, మడమల దగ్గర చర్మం ఎర్రబడి, నల్లబడి, పుండవుతుంది. పుండు పడితే మానడానికి నెలలు. జావ తాగించేటప్పుడు తల కింద చెయ్యి పెట్టి ఎత్తాలి, పడుకోబెట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూత్రం గొట్టం ఉంటే సంచి ఎప్పుడూ నడుముకన్నా కిందే వేలాడాలి. ఇవేవీ పుట్టుకతో వచ్చే తెలివి కాదు, నర్సులకు తరగతి గదిలో నేర్పే విద్య. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఇంటివాళ్లకు దీన్ని నేర్పడానికి ఎంతసేపు కేటాయిస్తున్నామో ఆలోచించండి. ఇక నీళ్లు. మంచాన ఉన్న మనిషి పక్కగుడ్డలు రోజుకు రెండుసార్లు తడుస్తాయి, ఎండాకాలం విరేచనాలు పట్టుకుంటే ఇంకా ఎక్కువ. కుళాయి రోజు విడిచి రోజు వచ్చే ఊళ్లో, ట్యాంకరు దగ్గర ఇంటికి ఇన్ని బిందెలని కట్టడి పెట్టుకున్న వీధిలో, ఆ ఇంటికి మామూలు ఇంటికన్నా నాలుగైదు బిందెలు ఎక్కువ కావాలి. తెచ్చేది అదే మనిషి. తెచ్చేందుకు వెళ్లినంతసేపు రోగి దగ్గర ఎవరూ ఉండరు. నీళ్లకు పోవాలా, దగ్గర కూర్చోవాలా అన్న ఈ ఇరకాటం కృష్ణా డెల్టాలోని ఇంటికి ఇంతగా తెలియదు. సంరక్షణ భారం దేశమంతా ఉంది, అనంతపురంలో దానికి నీటి కొరత తోడవుతుంది.

దేశం ఈ పనిని బొత్తిగా కొలవలేదని అనలేను. కేంద్ర గణాంక శాఖ 2019లో తొలిసారి దేశవ్యాప్తంగా కాలవినియోగ సర్వే చేసింది, మళ్లీ 2024లో చేసింది. 2024 సర్వే ప్రకారం 15 నుంచి 59 ఏళ్ల స్త్రీలలో 41 శాతం, పురుషులలో 21.4 శాతం ఇంట్లోవాళ్ల సంరక్షణలో పాలుపంచుకున్నారు. అలా పాల్గొన్న స్త్రీలు రోజుకు 140 నిమిషాలు, పురుషులు 74 నిమిషాలు దానికి వెచ్చించారు. ప్రపంచ లెక్కలకు వస్తే, రోజూ 1,640 కోట్ల గంటల సంరక్షణ పని జీతం లేకుండా జరుగుతోందని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో లెక్కగట్టింది. అది 200 కోట్ల మంది రోజుకు 8 గంటల చొప్పున చేసే పనికి సమానం, అందులో నాలుగింట మూడొంతులకు పైగా స్త్రీలదే. ఈ అంకెలు పనికొస్తాయి కానీ వాటితో ఒక చిక్కుంది. పిల్లలకు జడ వేయడం, మంచాన ఉన్న మనిషిని చూసుకోవడం ఒకే ఖాతాలో కలిసిపోతాయి. పైగా సగటు 140 నిమిషాలు అంటే చేతులు ఆడిన సమయం మాత్రమే. చెవి ఒగ్గి పడుకున్న రాత్రి, ఎక్కడికీ కదలలేని పగలు అందులో ఉండవు. దేశం మొత్తానికి తీసిన ఈ సగటులో వలసల కాలంలో కుర్లపల్లిలోనో తలుపులలోనో మిగిలిపోయిన అవ్వ కనబడదు.

ఇప్పుడు కరువు లెక్క ఎలా వేస్తారో చూద్దాం. 2016 డిసెంబరులో కేంద్రం విడుదల చేసిన కరువు నిర్వహణ మాన్యువల్ ప్రకారం వానలోటు, పైరు పచ్చదనం, నేలలో తేమ, విత్తిన విస్తీర్ణం, జలాశయాల్లో నీళ్లు చూసి మండలాన్ని కరువు మండలంగా ప్రకటిస్తారు. పంట 33 శాతం, అంతకు మించి పోతే హెక్టారుకు ఇంత అని పెట్టుబడి రాయితీ. పశువుల శిబిరాలు పెడితే పెద్ద పశువుకు, చిన్న పశువుకు రోజుకు వేరువేరు రేట్లు. పశువుకు ఇవ్వడం తప్పని నేననను, ఇవ్వాల్సిందే. మేపేవాళ్లు లేక పశువు చస్తుందని గుర్తించిన ప్రభుత్వం, చూసేవాళ్లు లేక మనిషి కృశించిపోతాడని గుర్తించకపోవడం మీదే నా ఫిర్యాదు. గుర్తించే తెలివి ప్రభుత్వానికి లేదనీ అనుకోవద్దు. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని దేశంలోనే మొదటగా మన నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభించారు. ఆ చట్టం షెడ్యూల్‌లో ఒక చక్కని నిబంధన పెట్టారు: పని దగ్గరికి తల్లుల వెంట చిన్నపిల్లలు అయిదుగురో అంతకన్నా ఎక్కువమందో వస్తే వాళ్లను చూసుకోవడానికి ఒక స్త్రీని పెట్టి, మట్టి తవ్వినవాళ్లతో సమానంగా కూలి ఇవ్వాలి. అంటే బిడ్డను చూసుకోవడం గడ్డపార పట్టడంతో సమానమైన పని అని పార్లమెంటే ఒప్పుకుంది. అమలు ఎలా జరిగిందన్నది వేరే కథ. సూత్రం మాత్రం బండ్లపల్లిలో అడుగుపెట్టింది. చెట్టు కింద పసిబిడ్డ దగ్గర వర్తించిన ఆ సూత్రం ఇంట్లో మంచం దగ్గర ఎందుకు వర్తించదు?

మిగతా చట్టాలూ దాదాపు ఇంతే దూరం వచ్చి ఆగిపోయాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, జీతం తీసుకున్నా తీసుకోకపోయినా దివ్యాంగుడిని చూసుకునే తల్లిదండ్రులను, బంధువులను సంరక్షకులుగా నిర్వచించింది. ఎక్కువ ఆసరా కావలసినవాళ్లకు సంరక్షకుల భత్యం ఇచ్చే పథకాలు రూపొందించాలని 24వ సెక్షన్‌లో చెప్పింది. అదే సెక్షన్ మొదట్లో ప్రభుత్వ ఆర్థిక స్తోమతకు లోబడి అన్న మెలిక పెట్టింది, ఆ మెలికలో భత్యం చిక్కుకుపోయింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా రోగితో ఉంటూ చూసుకునే మనిషిని నిర్వచించింది. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం కింద సంరక్షకులకు కొన్నాళ్లు ఊరట కల్పించే కేంద్రాలకు సమర్థ్ అనే పథకం ఉంది. కాగితం మీద ఇంత ఉంది. మన రాష్ట్రానికి వద్దాం. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఆపరేషన్ ఖర్చు ప్రభుత్వానిది, ఇంటికి వచ్చాక చాకిరీ ఇంటిది. 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా వచ్చినప్పుడు, ఆపరేషన్ తర్వాత కోలుకునే కాలంలో రోగికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇస్తామన్నారు. రోగి కూలి పోతుందని గ్రహించిన మంచి పథకం అది. రోగి పక్కన కూర్చున్న మనిషి కూలి కూడా పోతుందని మాత్రం ఎవరికీ తోచలేదు. ఆసుపత్రిలో పేషెంటు తాలూకు ఎవరు అని గట్టిగా కేకేస్తారు. ఒక మనిషి తోడు లేనిదే చేర్చుకోవడానికి వెనకాడతారు. ఆ తాలూకు మనిషికి పడుకోవడానికి వరండా, తినడానికి బయటి బండి.

పింఛను సంగతి వివరంగా చెప్పాలి. మన ప్రభుత్వం బాగా చేస్తున్నదీ, కాస్త కలిపితే ఇంకా బాగా చేయగలిగేదీ అక్కడే ఉంది. 2024 జూలై నుంచి వృద్ధులకు, వితంతువులకు 4,000, దివ్యాంగులకు 6,000, పక్షవాతంతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000 ఇస్తున్నారు. దేశంలో ఇంత మొత్తం ఇచ్చే రాష్ట్రాలు అరుదు. ఒకటో తేదీ పొద్దున్నే గ్రామ సచివాలయం సిబ్బంది ఇంటికొస్తారు. మంచం దగ్గరికి వెళ్లి పరికరం చాపుతారు. పక్షవాతంతో ముడుచుకుపోయిన వేళ్లను ఒక్కొక్కటే విప్పి, చెమట తుడిచి, బొటనవేలిని ఆ గాజు మీద ఆనించేది కూతురో కోడలో. ముద్ర పడుతుంది, డబ్బు వస్తుంది, ఫోనులో లబ్ధిదారు పేరు పడుతుంది. వేలిని ఆనించిన మనిషి పేరు ఏ రికార్డులోనూ ఉండదు. 15,000 ఇంటికే కదా వస్తోంది, అందులో సంరక్షణ కూలి కలిసే ఉంది కదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మొదటి జవాబు: పూర్తిగా మంచానికో కుర్చీకో పరిమితమైనవాళ్లకే ఆ మొత్తం. మతిమరుపు ముదిరి ఇల్లు దాటి వెళ్లిపోయే ముసలమ్మను పగలూ రాత్రీ కాపలా కాయాలి, ఆమెకు వచ్చేది వృద్ధాప్య పింఛనే. దివ్యాంగులకు ఇచ్చే సదరం సర్టిఫికెట్‌లోని శాతాలు అవయవాన్ని కొలుస్తాయి, చూసుకునే మనిషి గంటలను కొలవవు. రెండో జవాబు: రోగి పోయిన నెలతో అది ఆగిపోతుంది. భార్య అయితే వితంతు పింఛనుకు మారుతుంది, పెళ్లి మానుకుని పదేళ్లు తండ్రిని చూసుకున్న కూతురికి ఆ చాకిరీకి గుర్తింపుగా ఏమీ మిగలదు. పదేళ్లు పనికి పోలేదు, చేతిలో పనితనం లేదు, పొదుపు సంఘంలో అప్పు తప్ప పొదుపు లేదు.

పిల్లల విషయానికి వస్తే మన చట్టాలు మరీ అయోమయంలో ఉన్నాయి. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం, బడి వేళల తర్వాత కుటుంబానికి సాయపడటాన్ని నేరంగా చూడదు. ఇంట్లో తమ్ముడికి అన్నం పెట్టినందుకు కేసు పెట్టాలని ఎవరూ కోరరు, ఆ మినహాయింపు సబబే. పిల్లలు ఇంటిపని చేస్తే బాధ్యత తెలుస్తుందని పెద్దలు అనే మాటలోనూ నిజముంది. సాయం ఎక్కడ ఆగి భారం ఎక్కడ మొదలవుతుందన్నదే ప్రశ్న, ఆ గీత కనుక్కోవడం అంత కష్టమేమీ కాదు. పిల్ల లేకపోతే ఆ పూట రోగికి తిండీ మందూ అందవంటే అది సాయం కాదు. పెద్దమనిషి బరువు ఎత్తుతుంటే, రాత్రి నిద్ర తెగుతుంటే, వారంలో రెండు మూడు రోజులు బడి పోతుంటే అది భారమే. ఆ పిల్లను మన వ్యవస్థ ఎలా చూస్తుంది? హాజరుపట్టీలో గైరుహాజరు అని చూస్తుంది. పిల్లలను బడికి పంపే తల్లులకు డబ్బు ఇచ్చిన అమ్మఒడి పథకానికి 75 శాతం హాజరు షరతు పెట్టారు. బడికి పంపని తల్లిదండ్రులను దారికి తెచ్చే ఉద్దేశం మంచిదే. అవ్వ మంచం దగ్గర ఆగిపోయిన పిల్ల విషయంలో మాత్రం అది చదువు పోయిన ఇంటికి డబ్బు కూడా పోగొట్టే షరతు. ఇంగ్లండులో 2014 నాటి చట్టం ఇలాంటి పిల్లల అవసరాలను అంచనా వేసే బాధ్యత స్థానిక సంస్థల మీద పెట్టింది. 2023 నుంచి అక్కడి బడుల వార్షిక గణనలోనే వాళ్లను నమోదు చేసే వీలు కల్పించారు. మనం వాళ్ల బడ్జెట్టును అనుకరించలేం, వాళ్ల గణన పత్రంలోని ఒక గడిని అనుకరించవచ్చు. మన పంతుళ్లు ఇప్పటికే యాప్‌లో రోజుకు ఎన్నో వివరాలు నింపి విసిగిపోయి ఉన్నారని తెలుసు. పనికిరానివి రెండు తీసేసి పనికొచ్చేది ఒకటి పెట్టమనే నా విన్నపం.

ఇక అభ్యంతరాలు. అన్నిటికన్నా ముందు వచ్చేది ధర్మం మాట. తల్లిదండ్రులను చూసుకోవడం బిడ్డల విధి, దానికి డబ్బు ముట్టజెబితే బంధం కూలిపని అయిపోతుందని అంటారు. ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. కానీ ఆ విధిని చట్టంలోకి మోసుకొచ్చింది మనమే. 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం చేసి, వదిలేసిన బిడ్డలకు మూడు నెలల జైలు దాకా శిక్ష రాశాం. చూడనివాడికి శిక్ష వేస్తే బంధం చెడదు గానీ, చూసేవాడికి సాయం చేస్తే చెడుతుందా? పైగా ఈ ధర్మపన్నాల్లో కొడుకు పేరే వినిపిస్తుంది, మంచం దగ్గర కనబడేది కోడలు. విధి గొప్పదని పొగిడేవాళ్లు తాము ఆ విధిని ఎన్ని రాత్రులు నిర్వర్తించారో ఎవరూ అడగరు. అది అలా ఉండనివ్వండి.

రెండో అభ్యంతరం డబ్బు. రాష్ట్రం అప్పుల్లో ఉంది, మరో పథకం మొయ్యలేదు అంటారు. చుట్టుపక్కల చూద్దాం. కేరళ ఆశ్వాసకిరణం పేరుతో మంచాన ఉన్నవాళ్లను చూసుకునేవాళ్లకు నెలకు 600 రూపాయలు ఇస్తోంది, అది కూడా నెలల తరబడి బకాయి పడుతోందన్న ఫిర్యాదులున్నాయి. కర్ణాటక 2024–25 బడ్జెట్టులో సెరిబ్రల్ పాల్సీ, కండరాల క్షీణత, పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్ల సంరక్షకులకు నెలకు 1,000 ప్రకటించింది. మ్యాపు తీసి చూడండి: కర్ణాటక పావగడ తాలూకా మూడువైపులా మన మండలాల మధ్యే ఉంది. అదే ఎండ, అదే శెనక్కాయ, సరిహద్దు రాయికి అటుపక్క సంరక్షకురాలు బడ్జెట్టు పుస్తకంలో ఉంది, ఇటుపక్క లేదు. అయితే నా దృష్టిలో నగదు మొదటి అవసరం కాదు. కేరళ నుంచి నేర్చుకోవలసింది ఆ 600 కన్నా ముఖ్యమైనది ఒకటి ఉంది. 1993లో కోళికోడ్‌లో మొదలైన నొప్పి నివారణ ఉద్యమం ఊళ్లకు పాకి, 2008లో ప్రభుత్వ విధానమై, పంచాయతీల చేతికి వచ్చింది. నర్సు ఇంటికి వెళ్తుంది, పుండు కడుగుతుంది, కడగడం ఇంటివాళ్లకు నేర్పుతుంది, పొరుగువాళ్లను వాలంటీర్లుగా కూడగడుతుంది. మనకూ మనుషులు లేకపోలేదు. 2019 అక్టోబరు నుంచి ప్రతి సచివాలయంలో ఏఎన్ఎం ఉంది, ఊరికి ఆశా ఉంది. 2023 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో మంచాన ఉన్నవాళ్ల ఇళ్లకు డాక్టరు వెళ్లాలని రాసుకున్నారు. ఆ డాక్టరు రోగి నాడి చూశాక, చూసుకునే మనిషి వైపు తిరిగి నీ నడుము ఎలా ఉందమ్మా, రాత్రి నిద్రపోతున్నావా అని అడగడానికి కొత్త జీవో అక్కర్లేదు.

మూడో అభ్యంతరం స్త్రీల పక్షాన నిలబడేవాళ్లది, నాకు అన్నిటికన్నా బరువైనది ఇదే. భత్యం ఇస్తే ఆడవాళ్లు ఇంట్లోనే ఉండిపోవడానికి ప్రభుత్వమే ముద్ర వేసినట్టవుతుంది, ఇప్పటికే అంతంత మాత్రంగా ఉన్న బయటి పని అవకాశం పోతుంది అని వాళ్ల వాదన. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది, హిందూపురం వైపు బట్టల ఫ్యాక్టరీలు ఉన్నాయి. పొద్దున్నే బస్సు ఎక్కి పనికి వెళ్లే అమ్మాయికి నెలకు వెయ్యి రూపాయలు ఇచ్చి ఇంట్లో కూర్చోబెట్టడం ఏం న్యాయం? వాళ్ల మాట నిజం. అందుకే నగదు ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకునే పథకాన్ని నేను సమర్థించను. పగటిపూట ముసలివాళ్లను, దివ్యాంగులైన పిల్లలను దించి వెళ్లగలిగే చోటు ముందు కావాలి. వలసల నెలల్లో, అంటే పంట కోతలు లేక ఊళ్లు ఖాళీ అయ్యే కాలంలో, కరువు మండలాల్లో అయినా అది నడవాలి. పశువుల శిబిరం పెట్టగలిగిన యంత్రాంగానికి ఇది చేతకాదనను. భత్యం కూడా ఆడవాళ్ల పేరున కాక, పని నిజంగా ఎవరు చేస్తే వాళ్ల పేరున ఉండాలి. కొడుకు ఊళ్లో ఉండి తల్లిని చూసుకుంటే అతనికే రావాలి, అలాంటి కొడుకులూ ఉన్నారు. ఇంకొకటి: ఏ సాయమూ అందని ఈ రోజు కూడా ఆ అమ్మాయి బస్సు ఎక్కడం లేదు. భత్యం వద్దని ఊరుకుంటే ఆమెకు ఉద్యోగం రాదు, ఇప్పుడు చేస్తున్న చాకిరీనే ఉత్తపుణ్యానికి చేస్తూ ఉంటుంది.

బోగస్ లబ్ధిదారులు పుట్టుకొస్తారన్న నాలుగో అభ్యంతరానికి ఎక్కువ సమయం ఇవ్వను. పింఛన్లలో దొంగ సర్టిఫికెట్లు ఉన్నాయి, ఏరివేతల పేరుతో నిజమైన వాళ్లు సదరం శిబిరాల చుట్టూ తిరగడమూ ఉంది. ఫలానా ఇంట్లో ఫలానా ముసలాయన్ను ఎవరు చూసుకుంటున్నారో ఊరంతటికీ తెలుసు. అడగవలసింది వేలిముద్రల పరికరాన్ని కాదు, వీధిని.

ఇక్కడ మళ్లీ ఫెర్రర్ దగ్గరికి రావాలి, పొగడ్త కోసం కాదు. ఆర్డీటీ ఊళ్లలో దివ్యాంగులను సంఘాలుగా కూర్చింది. ఒంటరిగా ఇంటిమూల కూర్చున్న మనిషి పదిమందిలో కూర్చుని, మా సర్టిఫికెట్ ఏది, మా బస్సు పాసు ఏది అని అడగడం అలా అలవాటైంది. సంరక్షకులకు అలాంటి సంఘం లేదు, ఉండటం కష్టం కూడా. సమావేశానికి రమ్మంటే మంచం దగ్గర ఎవరుంటారు? తమ సంగతి తాము అడుక్కోలేని స్థితిలో ఉన్నవాళ్ల తరఫున మిగతావాళ్లు అడగాలి. దివ్యాంగుల సంఘాలు, పొదుపు సంఘాలు, రైతు సంఘాలు తమ కోర్కెల పట్టికలో దీన్ని చేర్చుకోవాలి. రైతు సంఘాలను ప్రత్యేకంగా ఎందుకు తలచానంటే, కరువు మండలాల ప్రకటన కోసం కలెక్టరేట్ ముందు కూర్చునేది వాళ్లే. పెట్టుబడి రాయితీ, పశుగ్రాసం, రుణాల వాయిదా అన్న మూడు కోర్కెల కింద నాలుగోది రాయమని వాళ్లను కోరుతున్నాను: కరువు ప్రకటించిన ప్రతి మండలంలో వలస వెళ్లిన ఇళ్లలో మిగిలిన రోగులను, వాళ్లను చూసుకునేవాళ్లను సచివాలయం వారీగా నమోదు చెయ్యాలి, ఆ ఇళ్లకు ట్యాంకరు నీళ్లు అదనంగా ఇవ్వాలి, వారానికి ఒక్కసారైనా ఏఎన్ఎం వెళ్లాలి. ఈ సభలో రెవెన్యూ, వైద్య ఆరోగ్య శాఖల అధికారులు ఉన్నారు, ఉపాధ్యాయులు ఉన్నారు. అధికారులారా, నమోదు పట్టీలో ఆ వరుస చేర్చడానికి పైనుంచి ఉత్తర్వు రానక్కర్లేదు, వచ్చే ఖరీఫ్ లోపు మీ స్థాయిలోనే మొదలుపెట్టండి. ఉపాధ్యాయులారా, మూడు రోజులు వరసగా రాని పిల్ల ఇంటికి కబురు పెట్టేటప్పుడు ఎందుకు రాలేదని అడగడంతో ఆపకండి, ఇంట్లో ఎవరికి బాగాలేదని కూడా అడగండి.